ముక్కు చూసి చుట్టరికం కలపొద్దు

సంక్రాంతి దాటి మునగ చెట్లు పూత మీదుండే రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం వైపు ఒక మాట తరచూ వినిపిస్తుంది. "మా పెరట్లోకి హమ్మింగ్‌బర్డ్ వచ్చింది" అంటారు. ఫోన్‌లో తీసిన వీడియో కూడా చూపిస్తారు. బొటనవేలంత ఒళ్లు, కిందికి వంగిన సన్నటి ముక్కు, ఎండ పడితే నీలంగా మెరుపు. మందారం ముందు రెక్కలు టపటపలాడిస్తూ ఒక్క క్షణం గాల్లోనే ఆగుతుంది కూడా. టీవీలో చూసిన హమ్మింగ్‌బర్డ్ గుర్తుకు రావడంలో తప్పేమీ లేదు. కానీ అది హమ్మింగ్‌బర్డ్ కాదు. ఈనాడు ఆ పిట్టలు సహజంగా బతికేది అమెరికా ఖండాల్లో, వాటి చుట్టుపక్కల దీవుల్లో మాత్రమే. మన పెరట్లోకి వచ్చింది తేనెపిట్ట. పక్షులు చూసేవాళ్లు సన్‌బర్డ్ అంటారు.

ఇంతటితో తేలిపోతే బాగానే ఉండును. తేనెపిట్ట అని ఒప్పుకున్నాక అసలు చిక్కు మొదలవుతుంది, ఏ తేనెపిట్ట అని. ఒకే పిట్ట ఏడాదిలో రెండు వేషాలు వేస్తుంది. ఆడదీ మగదీ పక్కపక్కన కూర్చుంటే వేర్వేరు జాతులనిపిస్తాయి. మన జిల్లాల వాళ్లకైతే ఇంకో మెలిక కూడా ఉంది. ఇక్కడి నుంచి అండమాన్ వెళ్లి స్థిరపడిన కుటుంబాలు బోలెడు. పోర్ట్ బ్లెయిర్‌లో, అంటే ఇప్పటి శ్రీవిజయపురంలో ఉన్న మేనమామ పంపిన ఫొటోలో పసుప్పచ్చ పొట్ట, నల్లటి గొంతు ఉన్న పిట్ట ఒకటి ఉంటుంది. పలాసలో జీడితోట కంచె మీద వాలిన పిట్ట కూడా చూడబోతే అలాగే ఉంటుంది. రెండూ ఒకటేనా అంటే కావు. ఎందుకు కావో చెప్పాలంటే ముందు మన పిట్ట సంగతి తేల్చుకోవాలి.

మన దగ్గర తరచుగా కనిపించేవి రెండు రకాలు. మొదటిది పర్పుల్ సన్‌బర్డ్, ఊదా తేనెపిట్ట. ముక్కు కొస నుంచి తోక చివరిదాకా కొలిస్తే 10 సెంటీమీటర్లు. గూడు కట్టే రోజుల్లో మగది దూరం నుంచి కారునలుపు. కాస్త ఎండ తగిలిందా, ఆ నలుపే నీలం, ఊదా, ఒక్కో కోణంలో ఆకుపచ్చ కూడా అవుతుంది. తమాషా ఏమిటంటే దాని ఈకల్లో నీలం రంగన్నదే లేదు. మెలనిన్ అనే ముదురు రంగు పదార్థం ఈకల పీచుల్లో పలచని పొరలుగా పేర్చి ఉంటుంది. ఆ పొరల మీద పడి తిరిగొచ్చే వెలుగులో కొన్ని రంగులు బలపడతాయి, కొన్ని ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. వానకు తడిసిన రోడ్డు మీద పెట్రోలు చుక్క పడితే రంగులు తేలేది కూడా ఇలాంటి కారణం వల్లే. కాబట్టి మనం నిలబడే చోటు మారితే పిట్ట రంగు మారుతుంది. సూర్యుడికి ఎదురుగా నిలబడి చూస్తే మగ తేనెపిట్టలన్నీ నల్లవే. ఎండ మన వీపు మీద పడేలా నిలబడితే సగం అనుమానాలు అక్కడే తీరిపోతాయి. మగది కొమ్మ చివర కూర్చుని పాడుతూ రెక్కలు కాస్త ఎత్తినప్పుడు చంకల దగ్గర పసుపు, నారింజ కలిసిన చిన్న కుచ్చు బయటపడుతుంది. మామూలప్పుడు అది రెక్కల కిందే దాగి ఉంటుంది.

వానలు వెనకబట్టాక ఈ మగ పిట్టలు చాలావరకు ఆ మెరిసే ఈకలు రాల్చేస్తాయి. వీపు పాచిరంగుకి తిరుగుతుంది, పొట్ట పసుప్పచ్చ అవుతుంది. గడ్డం నుంచి రొమ్ము మధ్య దాకా ఒక నల్లటి గీత మాత్రం మిగులుతుంది. సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా విజయనగరం పెరళ్లలో కనిపించేవి ఎక్కువగా ఈ గీత పిట్టలే. మా పక్కింటి పిన్ని ఒకసారి అడిగింది, "నల్లది ఏటైపోనాది బాబూ, పచ్చదొక్కటే తిరగతంది?" అని. "ఇదే అది పిన్నీ, బట్టలు మార్చుకుంది" అంటే నమ్మలేదు. ఆ తరవాత కొన్ని వారాలకు సగం నీలం సగం పసుపుగా, మాసికలు వేసినట్టున్న ఒళ్లుతో అదే పిట్ట దానిమ్మ కొమ్మ మీద కూర్చుంటే చూసి అప్పుడు ఒప్పుకుంది. ఈ మార్పు అన్ని పిట్టల్లో ఒకే తేదీన మొదలవదు కనక డిసెంబరులో ఒకే చెట్టు మీద మూడు రకాల మగవాటిని చూసినా కంగారు పడక్కర్లేదు.

రెండోది పర్పుల్-రంప్డ్ సన్‌బర్డ్. దీని నడుం మీద ఊదా మెరుపు ఉంటుంది గానీ, ఆ గుర్తు పట్టుకుని వెతికితే మాత్రం దొరకదు. రెక్కలు ముడుచుకుంటే నడుం కనపడితేనా! మగదానికి నెత్తి మీద ఆకుపచ్చ మెరుపు, గొంతులో ఊదా, దాని కింద మెరూన్ రంగు పట్టీ, ఆ పట్టీ కింద నిండు పసుపు పొట్ట. ఇది వేషం మార్చదు, ఏడాది పొడుగునా ఇంతే. మెరూన్ పట్టీ కింద వెంటనే పసుపు కనిపిస్తే ఇక సందేహం లేదు.

అసలు టెన్షన్ పెట్టేవి ఆడ పిట్టలు. రెండు జాతుల్లోనూ వీపు మట్టిరంగే, పొట్ట పసుపే. గొంతు చూడండి. ఊదా తేనెపిట్ట ఆడదానికి పసుపు గొంతు దగ్గరే మొదలవుతుంది. రెండోదానికి గొంతు బూడిద కలిసిన తెలుపు, దాని కింద పసుపు. ఇంతకు మించి పెద్ద తేడాలు వెతకొద్దు, ఉన్నా అర క్షణంలో కనపడవు.

సాలూరు, పార్వతీపురం మీదుగా తూర్పు కనుమల వైపు వెళ్తే మూడో రకం కూడా తగలొచ్చు. లోటెన్స్ సన్‌బర్డ్. ఆ పేరు 18వ శతాబ్దంలో సిలోన్‌కు డచ్చి గవర్నరుగా ఉన్న యోవాన్ గిడియోన్ లోటెన్ది. దీని ముక్కు మిగతా రెండింటి ముక్కుల కన్నా బాగా పొడుగు, వంపూ ఎక్కువే. మగదాని పొట్ట గోధుమ రంగులో ఉంటుంది. "ముక్కు మరీ పొడుగ్గా ఉందే" అని మనకై మనకే అనిపిస్తే అది ఇదే కావచ్చు. కొలత తీసుకుంటే గానీ తేలని పొడుగు అయితే ఇది కాదు.

ఇప్పుడు మేనమామ ఫొటోకి వద్దాం. అండమాన్, నికోబార్ దీవుల్లో తోటల్లో, ఇళ్ల చుట్టూ తిరిగేది ఆర్నేట్ సన్‌బర్డ్, మొన్నమొన్నటిదాకా ఆలివ్-బ్యాక్డ్ సన్‌బర్డ్ అని పిలిచిన పిట్ట. దాని మగదానికి గడ్డం నుంచి రొమ్ము పైభాగం దాకా గొంతంతా నిండుగా నల్లటి నీలం, ఆ కింద పసుపు. మన ఊదా తేనెపిట్ట వేషం మార్చుకున్నప్పుడు నల్లదనం సన్నటి గీతగా గొంతు మధ్యలోనే దిగుతుంది, గీతకి రెండు పక్కలా పసుపు కనిపిస్తూనే ఉంటుంది. అక్కడిది మెడనిండా ఉంటుంది, ఇక్కడిది గీతతో సరిపెట్టుకుంటుంది. రెండూ తేనెపిట్టలే, దగ్గరి దాయాదులే, కానీ జాతులు వేరు.

దాయాదులు కాకపోయినా పోలిక కలిసే కథ ఇంకోటుంది. అది ఇంకా పెద్ద చిక్కు. దాన్ని చెప్పాలంటే మన మందారం దగ్గర్నుంచే మొదలుపెట్టాలి.

మందారంలో తేనె అడుగున, రేకుల మొదట్లో ఉంటుంది. పద్ధతిగా తాగాలంటే ముందు నుంచి తల దూర్చాలి. అప్పుడు మధ్యలో పొడుచుకొచ్చిన కాడ మీది పుప్పొడి తలకో రొమ్ముకో అంటుకుంటుంది, ఇంకో పువ్వుకి చేరుతుంది. పువ్వు తేనె ఇచ్చేది ఆ చాకిరీ కోసమే. తేనెపిట్ట చాలాసార్లు ఆ దారిన రాదు. తొడిమ మీద వాలి, పక్కనుంచి మెడ వంచి, రేకుల మొదట్లో ముక్కు గుచ్చి తేనె పీల్చుకుని పోతుంది. సాయంత్రం రాలిన మందారాలు ఏరి, పచ్చటి కప్పు దగ్గర తిప్పి చూడండి, అంచులు కమిలిన సన్నటి చీలిక దొరుకుతుంది. పుప్పొడి మోసింది లేదు, తేనె మాత్రం గుటుక్కుమనిపించింది. శాస్త్రవేత్తలు కూడా దీన్ని దొంగతనమనే అంటారు.

కరీబియన్ దీవుల్లో ఇదే దొంగతనానికి పేరుమోసిన పిట్ట బనానాక్విట్. జమైకా, ప్యూర్టో రికో, బార్బడోస్, ఎక్కడ చూసినా అదే. క్యూబాలో మాత్రం స్థిరంగా ఉండదు, అదొక వింత. ఒంటి పొడుగు సుమారు 11 సెంటీమీటర్లు. వీపు నల్లటి బూడిద రంగు, కంటి మీద కొట్టొచ్చినట్టుండే తెల్లటి పట్టీ, రొమ్ము పసుపు, ముక్కు చిన్నదే గానీ కిందికి వంగి సూదిలా ఉంటుంది. గాల్లో ఆగి తాగడం దానికి రాదు. కొమ్మనో తొడిమనో పట్టుకుని, అవసరమైతే తలకిందులుగా వేలాడి, పువ్వు పక్కన చిల్లు పెడుతుంది. మనుషులంటే భయం తక్కువ. అక్కడి హోటళ్ల బల్లల మీద చక్కెర గిన్నెల్లోకి దూరుతుంది, ఇళ్లవాళ్లు కావాలనే గిన్నెలో పంచదార పెట్టి పిలుస్తారు. అమెరికా పాలనలో ఉన్న వర్జిన్ దీవులకి ఇదే అధికారిక పక్షి. దాన్ని గుర్తుపట్టడం తేలిక, తెల్లటి కనుబొమ్మ, పసుపు రొమ్ము, అంతే. ఒకటే మినహాయింపు. గ్రెనడా, సెయింట్ విన్సెంట్ దీవుల్లో చాలా పిట్టలకి ఆ తెలుపూ పసుపూ ఉండవు, దాదాపు ఒళ్లంతా నలుపే. మెలనిన్ తయారీని నడిపించే ఒక జన్యువులో చిన్న మార్పు వల్ల అలా అయ్యింది. ఆ దీవులకు వెళ్లి రంగునే నమ్ముకుంటే దొరకదు. ముక్కు వంపు, పువ్వు మీద వాలే తీరు చూడాలి.

బనానాక్విట్‌నీ మన ఆడ తేనెపిట్టనీ పక్కపక్కన పెడితే ఎవరైనా అక్కాచెల్లెళ్లనే అంటారు. పండితులూ అలాగే అన్నారు. స్వీడన్‌కి చెందిన లినేయస్ 1758లో బనానాక్విట్‌నీ, 1766లో మన మెరూన్ పట్టీ తేనెపిట్టనీ, లోటెన్ తేనెపిట్టనీ సెర్థియా అనే ఒకే ప్రజాతిలో చేర్చేశాడు. యూరప్‌లో చెట్ల బెరడు మీద పాకుతూ పురుగులు ఏరుకునే వంకర ముక్కు పిట్టలది ఆ పేరు. ముక్కు వంగి ఉందా, అయితే ఆ గుంపే! చచ్చి ఎండిన తోళ్లు ఓడల్లో వస్తుంటే చూసి పేర్లు పెట్టిన రోజులవి, ఆయన్ని పెద్దగా తప్పుపట్టలేం. తరవాత బనానాక్విట్ ఎక్కడా ఇమడక దానికంటూ వేరే కుటుంబం కట్టబెట్టారు. చివరికి డీఎన్ఏ పరీక్షల్లో తేలింది, అది దక్షిణ అమెరికాలోని టానేజర్ కుటుంబానిదని. డార్విన్ పేరుతో ప్రసిద్ధికెక్కిన గాలపగోస్ ఫించ్‌లు దానికి దగ్గరి చుట్టాలు. గింజలు కొరికే మొద్దు ముక్కు పిట్టలన్న మాట. తేనెపిట్టకి నిజమైన దగ్గరి చుట్టం మన జామచెట్టు మీదే తిరుగుతుంటుంది, ఫ్లవర్‌పెకర్. 8 సెంటీమీటర్లుండే బూడిదరంగు పిట్ట, పొట్టి ముక్కు, మన దేశంలోని అతి చిన్న పక్షుల్లో ఒకటి. మామిడి కొమ్మల మీద బదనిక పండ్లు తిని, జిగురు గింజల్ని ఇంకో కొమ్మకి అంటించి పోయేది ఇదే. ఆ బదనిక పూసినప్పుడు తేనె తాగి పుప్పొడి మోసేది తేనెపిట్ట. మామిడి రైతుకి ఈ చుట్టాలిద్దరి మీదా కోపం రావడం న్యాయమే.

హమ్మింగ్‌బర్డ్ అయితే మరీ దూరం. అది స్విఫ్ట్‌ల వైపుది, సాయంత్రం గుడి గోపురాల చుట్టూ కీచుమంటూ గుంపులుగా తిరిగే సన్న రెక్కల పిట్టల వైపు. హవాయి దీవుల్లో ఎర్రటి ఒళ్లు, వంకర ముక్కు ఉన్న తేనె తాగే పిట్టలున్నాయి, అవి ఫించ్‌ల నుంచి వచ్చినవి. అంటే నాలుగు చోట్ల నాలుగు వేర్వేరు వంశాలు ఒకే పనిలోకి దిగాయి. పువ్వు గొట్టంలో అడుగున ఉన్న తేనె అందాలంటే ఒళ్లు చిన్నగా, ముక్కు సన్నగా, నాలుక పొడుగ్గా ఉన్నవాటికి లాభం. అలాంటివే తరాల తరబడి ఎక్కువ పిల్లలతో బతికి బట్టకట్టాయి. పని ఒకటైతే పనిముట్టూ ఒకేలా తయారైంది. నన్నడిగితే పిట్టని చూడగానే ముక్కుని బట్టి చెప్పగలిగేది దాని వృత్తి మాత్రమే, ఇంటిపేరు కాదు.

ఇంకా లోతుకి వెళ్తే పోలిక సగంలోనే తెగిపోతుంది కూడా. హమ్మింగ్‌బర్డ్ రెక్క భుజం దగ్గర తిరిగే తీరు వల్ల ముందుకి ఊపినా వెనక్కి ఊపినా ఒళ్లు పైకి లేస్తుంది, అందుకే గాల్లో నిలబడగలదు, వెనక్కి ఎగరగలదు. తేనెపిట్ట కాసేపు ఆగగలదు గానీ వాలడానికి చోటు దొరికితే వాలిపోతుంది. పువ్వులు కూడా అలాగే తయారయ్యాయి. అమెరికాలో హమ్మింగ్‌బర్డ్ కోసం పూసే పువ్వులు చాలావరకు కొమ్మకి ఎడంగా, కూర్చునే వీలు లేకుండా గాల్లోకి చూస్తుంటాయి. మన మోదుగ పూత చూడండి, గట్టి కొమ్మ చివర గుత్తి, పిట్ట హాయిగా కూర్చుని తాగొచ్చు. రోడ్డు డివైడర్ల మీద నర్సరీవాళ్లు వేసే నారింజ గొట్టాల హేమేలియా అమెరికా ఉష్ణమండలపు మొక్క, అక్కడ హమ్మింగ్‌బర్డ్‌లది. ఇక్కడ అదే మొక్కకి మన తేనెపిట్టలు కాడ పట్టుకుని, కాడ వంగిపోతుంటే తామూ వంగుతూ తాగుతాయి.

మసక చీకటి వేళ, నిజంగానే గాల్లో కదలకుండా ఆగి, గుయ్‌మంటూ నూరువరహాల మీద తేనె తాగేది కనిపిస్తే అది పిట్టే కాకపోవచ్చు. హాక్‌మాత్ అనే చిమ్మట. తలమీద మీసాలు, ముందుకి చాపిన దారం లాంటి తొండం చూస్తే తెలిసిపోతుంది. "హమ్మింగ్‌బర్డ్" వీడియోల్లో కొన్ని ఈ పురుగువే.

గూడు విషయంలో ఒక్క మాట. తేనె పెద్దవాటి తిండి మాత్రమే, పిల్లలు పెరగాలంటే మాంసకృత్తులు కావాలి, అంటే పురుగులు, సాలీళ్లు. సాలీడు గూటికి కూడా పనికొస్తుంది. ఆడది సాలెదారంతో ఎండుటాకులు, బెరడు తునకలు, గొంగళి పురుగు పెంటికలు అతికించి సంచిలా వేలాడేసి, పక్కన గుమ్మం, గుమ్మం మీద చూరు కడుతుంది. దులిపెయ్యాల్సిన చెత్త తీగకి చుట్టుకుందనుకుంటాం. బట్టలారేసే తీగ మీద, వరండా బల్బు వైరు మీద ఇలాంటి చెత్త వేలాడుతుంటే చీపురు తీసేముందు రెండు నిమిషాలు దూరంగా నిలబడి చూడండి. సాధారణంగా రెండు గుడ్లు పెడుతుంది. పొదిగేది ఆడదే, పిల్లలకి తిండి పెట్టేటప్పుడు మగదీ చెయ్యి వేస్తుంది. మన వైపు గూళ్లు జనవరి తరవాత ఎక్కువ. జీడి పూతకి మందులు కొట్టే రోజులూ దాదాపు అవే కాబట్టి, తోటలో పురుగు పోతే గూటిలో పిల్లకి మేత తగ్గినట్టే.

తుఫాన్ల సంగతి చెప్పకుండా ఉద్దానంలో పిట్టల గురించి రాయలేం. 1989 సెప్టెంబరులో హ్యూగో అనే హరికేన్ వర్జిన్ దీవుల మీదుగా ప్యూర్టో రికోని దాటింది. కరీబియన్‌లో ఇలాంటి హరికేన్ల తరవాత పక్షుల్ని లెక్కపెట్టినవాళ్లు గమనించింది ఏమిటంటే, ఎక్కువ దెబ్బ తినేవి తేనె, పండ్లు, గింజల మీద బతికేవి. బనానాక్విట్ కూడా వాటిలో ఉంది. పురుగులు తినేవి అంతకన్నా నయం. గాలికి చచ్చినవాటి కన్నా, చెట్ల మీద పువ్వన్నది మిగలక ఆ తరవాతి వారాల్లో ఆకలికి పోయేవి, ఊళ్ల వైపు దిగొచ్చేవి ఎక్కువ. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు కుప్పకూలాయి. కొబ్బరి గెలలు, జీడి పూతా తేనెపిట్టలు వాలే చోట్లే. అక్టోబరులో తుఫాను వస్తే గూళ్ల కాలానికి మూడు నెలలే గడువు. ఆన్‌లైన్‌లో అమ్మే ఎర్ర ప్లాస్టిక్ డబ్బాల్లో పంచదార నీళ్లు వేలాడదీయడం మీద నాకు పెద్ద నమ్మకం లేదు. మన ఎండకి ఆ నీళ్లు ఒక్క రోజులో పులుస్తాయి, రోజూ కడిగే ఓపిక మొదటి వారంతో అయిపోతుంది, రంగు కలిపితే ఇంకా అనవసరం. నేలకూలిన దేశవాళీ కొబ్బరి స్థానంలో పెట్టిన మొక్క గెల వెయ్యడానికి ఆరేడేళ్లు పడుతుంది. కొమ్మలు విరిగిన మందారం, హేమేలియా మాత్రం మొదళ్లు పీకి పారెయ్యకపోతే కొన్ని వారాల్లో మళ్లీ చిగురేసి మొగ్గ తొడుగుతాయి.